కన్వర్టర్ కొత్తదే, పొగ మాత్రం పాతదే

ప్రశ్న: మా పెట్రోలు కారు వయసు 21 ఏళ్లు. ఇంజెక్షన్ ఇంజిన్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండి. కాలుష్య పరీక్షలో వరసగా మూడుసార్లు తప్పింది. మొదటిసారి తప్పినప్పుడు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు మార్చారు. రెండోసారి తప్పాక కన్వర్టరే పోయిందన్నారు, కొత్తది వేయించాను. అయినా మూడోసారీ తప్పింది. కన్వర్టర్ మార్చకముందు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 2.8 శాతం, హైడ్రోకార్బన్లు 410 పీపీఎం, ఆక్సిజన్ 0.4 శాతం, ల్యామ్డా 0.92 వచ్చాయి. మార్చాక వరసగా 2.6, 370, 0.2, ల్యామ్డా మళ్లీ 0.92. ఇప్పుడు ఆక్సిజన్ సెన్సర్ మార్చాలంటున్నారు. బండి నడకలో లోపమేమీ లేదు, పెట్రోలు మాత్రం మునుపటి కంటే ఎక్కువ తాగుతోంది. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఇదివరకు సగం దాకా వచ్చేది, ఏడాదిగా పావు దగ్గరే ఆగుతోంది. చల్లగా ఉంటే మంచిదే కదా అని పట్టించుకోలేదు. సెన్సర్ కూడా మార్పించనా, విసుగొచ్చింది కాబట్టి బండే అమ్మేయనా?

జవాబు: బండి అమ్మకండి. సెన్సర్ కూడా ఇప్పుడే కొనకండి. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం, మీరు పట్టించుకోలేదని చెప్పిన ఆ ముల్లు సంగతే. దాని దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు ఆ రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. చాలామంది స్లిప్పులో పాసా, ఫెయిలా అన్నది చూసి మడిచి జేబులో పెట్టుకుంటారు. బండిని బాగుచేసే వాళ్లలో కూడా కొందరు అంతే చేస్తారు. రోగి రక్తపరీక్ష కాగితం చదవకుండా మందు రాసే వైద్యుడిని మనం ఒప్పుకోం. బండి దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఒప్పుకుంటాం.

స్లిప్పులో కార్బన్ మోనాక్సైడ్ అంటే సగం కాలిన పెట్రోలు. హైడ్రోకార్బన్లు అంటే అసలు కాలకుండా బయటపడిన పెట్రోలు. ఆక్సిజన్ అంటే వాడకుండా మిగిలిన గాలి. వీటిని విడివిడిగా చూస్తే చెప్పేది తక్కువ, కలిపి చూస్తే చాలా చెబుతాయి. మీ ఇంజిన్‌లో ఒక సిలిండరు సరిగా మండకపోతే హైడ్రోకార్బన్లు చాలాసార్లు వేలల్లోకి పోతాయి, మండని సిలిండరులోని గాలి అలాగే బయటికొచ్చి ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. మీకు ఆక్సిజన్ దాదాపు సున్నా. అంటే ప్లగ్గులది, వైర్లది, కాయిల్‌ది తప్పు కాదు. మీ ఇంజిన్‌లో మంట బాగానే ఉంది, తిండే ఎక్కువైంది. పొయ్యి నిండా కట్టెలు కుక్కి గాలి ఆడనివ్వకపోతే ఏమవుతుందో అదే అవుతోంది.

ల్యామ్డా ఇదే సంగతిని ఒక్క అంకెలో చెబుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్లు సరిగ్గా కుదిరితే ల్యామ్డా 1. మీది 0.92, అంటే కిలో పెట్రోలుకు మీ ఇంజిన్‌కు అందుతున్నది దాదాపు 13.5 కిలోల గాలే. దీన్నే మెకానిక్కులు మిక్స్చర్ రిచ్‌గా ఉంది అంటారు. ఇలా ఉన్న ఇంజిన్ నునుపుగా, హాయిగా నడుస్తుంది. నడకలో లోపం లేదని మీరు రాసింది అందుకే. మిక్స్చర్ పలచబడితే బండి కుదుపులతో మొత్తుకుంటుంది, చిక్కబడితే నోరు మెదపదు, పెట్రోలు బంకులో మాత్రమే బయటపడుతుంది.

ఇప్పుడు కన్వర్టర్ సంగతి. దాని పని మిగిలిన విషవాయువులను కాల్చేయడం. కాల్చడానికి దానికీ ఆక్సిజన్ కావాలి. 2.6 శాతం కార్బన్ మోనాక్సైడ్‌ను కాల్చాలంటే 1.3 శాతం ఆక్సిజన్ ఉండాలి. మీ స్లిప్పులో ఉన్నది 0.2. కొత్త కన్వర్టర్ పాపం ఉన్న కాస్తలోంచి కొంత వాడుకుని 2.8ని 2.6 చేసింది, అక్కడితో దాని చేతిలో సరుకు అయిపోయింది. ఎంత మంచి కన్వర్టర్ పెట్టినా ఇంతే. ఇంకొకటి గమనించండి. కన్వర్టర్ మారినా ల్యామ్డా 0.92 దగ్గరే నిలబడింది. అది మారదు కూడా. కన్వర్టర్ తన దగ్గరికొచ్చిన వాయువులను అటూఇటూ మారుస్తుందే తప్ప కొత్తగా గాలిని తేలేదు, పెట్రోలును తీసేయలేదు. ల్యామ్డా 0.92 అని రాసి ఉన్న కాగితం చేతిలో పెట్టుకుని కన్వర్టర్ మార్చడమంటే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే. మీ పాత కన్వర్టర్ బాగుందో లేదో ఇప్పుడు చెప్పలేం. దాన్ని ఇంకా పారేయకపోతే దాచి ఉంచండి.

ఇక ముల్లు దగ్గరికి వద్దాం. ఇంజిన్ చల్లగా ఉంటే మంచిదన్నది చాలామందికి ఉన్న నమ్మకం. ఇంజిన్‌కు చల్లదనం జ్వరం లేకపోవడం లాంటిది కాదు, నీరసం లాంటిది. పూర్తిగా వేడెక్కిన ఇంజిన్‌లో నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటుగా ఉండాలి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు గోడలకు అంటుకుపోయి సరిగా ఆవిరి కాదు కాబట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ, పెట్రోలు ఎంత పోయాలో లెక్కకట్టే బండి కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది. తెల్లవారి బండి తీసిన మొదటి కొద్ది నిమిషాలకు ఇది సరైనదే. మీ బండికి ఆ తెల్లవారుజాము రోజంతా ఉంటోందని నా అనుమానం. పైగా చాలా బండ్లలో ఇంజిన్ తగినంత వేడెక్కే దాకా కంప్యూటర్, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి కబురు చెప్పే ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు. వినని సెన్సర్‌ను మార్చి ఏం లాభం?

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, నీళ్లు వేడెక్కే దాకా వాటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ తెరుచుకుపోయి అలాగే ఉండిపోవడం. రెండు, నీటి వేడిని కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ అబద్ధం చెప్పడం. థర్మోస్టాట్ సంగతి తేల్చడానికి పరికరాలేవీ అక్కర్లేదు, మీ చెయ్యి చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండి బానెట్ తెరవండి. ఇంజిన్ పైభాగం నుంచి రేడియేటర్‌కు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఉంటుంది. బండి స్టార్ట్ చేసి, ఫ్యానుకూ బెల్టులకూ దూరంగా, ఆ గొట్టం మీద చెయ్యి వేయండి. థర్మోస్టాట్ బాగుంటే చాలా నిమిషాల పాటు గొట్టం చల్లగానే ఉంటుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి చెయ్యి తీసేయాల్సినంత వేడెక్కుతుంది. సాధారణంగా 82 నుంచి 92 డిగ్రీల మధ్య తెరుచుకునేలా వాటిని తయారుచేస్తారు. అలా కాకుండా మొదటి నిమిషం నుంచే గొట్టం మెల్లమెల్లగా, గోరువెచ్చగా పైకి వస్తుంటే నీళ్లు ఆపేవాడు లేక రేడియేటర్‌లోకి పారిపోతున్నట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు ముల్లు దిగి, రద్దీలో ఆగినప్పుడు కొంచెం ఎక్కుతుంటే అది థర్మోస్టాటే. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

గొట్టం పరీక్షలో థర్మోస్టాట్ నిర్దోషిగా తేలితే అప్పుడు సెన్సర్. ఇక్కడ చిన్న మెలిక ఉంది. చాలా పాత బండ్లలో ముల్లుకు ఒక సెన్సర్, కంప్యూటర్‌కు మరొక సెన్సర్ ఉంటాయి. ముల్లు తప్పు చూపించినా కంప్యూటర్‌కు సరైన కబురే అందుతూ ఉండవచ్చు, ముల్లు సరిగ్గా చూపించినా కంప్యూటర్ మోసపోతూ ఉండవచ్చు. అందుకని కంప్యూటర్‌లోని అంకెలను చదివే స్కానర్ పెట్టించి చూడాలి. తెల్లవారి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, నీటి వేడి ఎంత, లోపలికి పోయే గాలి వేడి ఎంత అని చదవమనండి. రాత్రంతా ఆగిన బండిలో ఆ రెండూ, బయటి వాతావరణమూ దాదాపు ఒకటే కావాలి. పది పదిహేను డిగ్రీలు తేడా ఉంటే ఒకటి అబద్ధమాడుతోంది. తర్వాత ఇంజిన్ వేడెక్కే కొద్దీ అంకె ఆగకుండా 85, 90 దాకా పెరగాలి.

నీటి వేడి సెన్సర్ కొనే ముందు దాని ప్లగ్గు ఊడదీసి లోపలి పిన్నులు చూడండి. ఈ సెన్సర్‌లో వేడి పెరిగే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర 2,500 ఓములకు అటూఇటుగా, 80 డిగ్రీల దగ్గర 300 ఓములకు అటూఇటుగా ఉంటుంది. పిన్నుల మీద పచ్చటి చిలుము పేరుకుంటే ఆ చిలుము నిరోధం కూడా కలిసి, కంప్యూటర్‌కు ఇంజిన్ ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది. అంటే గోరంత చిలుము మీ చేత కన్వర్టర్ కొనిపించగలదు. పిన్నులు శుభ్రం చేయడానికి పాత టూత్‌బ్రష్షు, కాంటాక్ట్ క్లీనర్ చాలు.

స్కానర్ ఎలాగూ పెట్టారు కాబట్టి ఇంకో అంకె కూడా చదివించండి. ఫ్యూయల్ ట్రిమ్ అంటారు దాన్ని. ఆక్సిజన్ సెన్సర్ మాట విని కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం తగ్గించిందో, పెంచిందో అందులో కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా కంప్యూటర్ ఓపెన్ లూప్‌లోనే ఉందని చూపిస్తే అది సెన్సర్ మాట వినడమే లేదు, మళ్లీ నీటి వేడి దగ్గరికే వెళ్లాలి. ట్రిమ్ మైనస్ 20, 25 ఉంటే కంప్యూటర్‌కు రిచ్ అని తెలుసు, తగ్గించడానికి శతవిధాలా ప్రయత్నిస్తోంది, ఎక్కడి నుంచో పెట్రోలు దానికి తెలియకుండా చొరబడుతోంది. ట్రిమ్ ప్లస్‌లో ఉండి పొగ గొట్టం దగ్గర రిచ్ అని వస్తుంటే, ఎవరో కంప్యూటర్‌ను మోసం చేసి మరీ పోయిస్తున్నారు. ఆక్సిజన్ సెన్సర్‌ను అనుమానించాల్సింది ఈ చివరి సందర్భంలోనే.

అప్పుడు కూడా వెంటనే శిక్ష వేయకండి. ఆ సెన్సర్‌కు పెట్రోలు వాసన తెలియదు, దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. దానికి ముందున్న పొగ గొట్టం అతుకులో చిన్న సందు ఉందనుకోండి. పొగ పోటుపోటుగా వస్తుంది కాబట్టి, పోటుకూ పోటుకూ మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కు ఆ గాలి తగిలి, ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదు అని కబురు పంపుతుంది. కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తుంది. మీ కన్వర్టర్ మార్చినప్పుడు అతుకులు విప్పి మళ్లీ బిగించారు కాబట్టి కొత్త గ్యాస్కెట్లు వేశారో లేదో అడగండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో అతుకుల దగ్గర టిక్ టిక్ మని చప్పుడు వినిపిస్తుందేమో, నల్లటి మసి గీత కనిపిస్తుందేమో చూడండి. ఇనుము వేడెక్కి సాగాక ఆ సందు మూసుకుపోయి చప్పుడు మాయమవుతుంది.

ఈ సెన్సర్ 1976లో వోల్వో కార్లతో రోడ్డెక్కింది, తయారుచేసింది బాష్. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ మూడు రకాల వాయువులనూ ఒకేసారి శుభ్రం చేసే కన్వర్టర్ ల్యామ్డా 1కి అతి దగ్గరలో మాత్రమే పనిచేస్తుంది కాబట్టి, ఇంజిన్‌ను ఆ గీత మీద నిలబెట్టే కాపలాదారు కావాల్సి వచ్చింది. పాతకాలపు జిర్కోనియా రకం సుమారు 300 డిగ్రీలు దాటాక 0.1, 0.9 వోల్టుల మధ్య అటూఇటూ ఊగుతూ ఉండాలి. అది 0.8 పైనే అతుక్కుపోయి ఉంటే నిజమే చెబుతోంది, మీ ఇంజిన్ రిచ్‌గానే ఉంది మరి. దుర్వార్త తెచ్చాడని దూతను దండించే పద్ధతి మనకు లేదు. స్లిప్పులో రిచ్ అని ఉన్నా సెన్సర్ 0.1 దగ్గరే పడుకుని ఉంటే, అతుకుల్లో సందు లేదని తేలితే, అప్పుడు మార్చండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ల క్రితం నా పాత బండికి ఇదే జబ్బు వస్తే, చదువుకున్నవాణ్ణి కదా అని ఒకదాని తర్వాత ఒకటి రెండు ఆక్సిజన్ సెన్సర్లు మార్చాను. రెండో సెన్సర్ వేశాక కూడా అంకె కదలకపోతే, ఒక సాయంత్రం బానెట్ మీద వాలి ఊరికే చూస్తూ ఉండగా వేలెడంత రబ్బరు గొట్టం కంటబడింది. ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్‌కు వెళ్లే గొట్టం అది. చివర్లో ఎండిన తాటాకులా చీలి ఉంది. ఆ చీలికలోంచి బయటి గాలి దూరి, ఇంజిన్ పెద్ద బరువు లాగుతోందని సెన్సర్ అనుకుంటోంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోలు పోస్తోంది. చీలిన ముక్క కోసేసి మిగిలినది తిరిగి తొడిగాను. పని పది నిమిషాలే పట్టింది. ఆ రెండు సెన్సర్లూ అట్టపెట్టెల్లో చాలాకాలం నన్ను వెక్కిరిస్తూ ఉండిపోయాయి. మీ బండిలో కూడా సన్న రబ్బరు గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య వంచి చూడండి, పగుళ్లు వంచితేనే కనిపిస్తాయి.

ట్రిమ్ బాగా మైనస్‌లో ఉంటే చూడాల్సినవి రెండు. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌కు కొన్ని బండ్లలో సన్నటి గాలి గొట్టం తగిలించి ఉంటుంది. ఇంజిన్ చల్లారాక దాన్ని ఊడదీసి చూడండి. లోపల పెట్రోలు తడిగానీ వాసనగానీ ఉంటే రెగ్యులేటర్ పొర చినిగి పెట్రోలు నేరుగా ఇంజిన్‌లోకి కారుతోంది. దగ్గర్లో నిప్పు, బీడీ, సిగరెట్టు ఉండకూడదని వేరే చెప్పాలా? రెండోది ఇంజిన్ ఆయిల్. ఏడాదిగా మీ బండి ఎక్కువ పెట్రోలు తాగుతోంది, అందులో కొంత సిలిండరు గోడల వెంట జారి ఆయిల్‌లో కలిసి ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆ పెట్రోలు వేడికి ఆవిరై, పీసీవీ వాల్వు గుండా తిరిగి ఇంజిన్‌లోకి వస్తుంది. అసలు జబ్బు నయమైనా ఈ ఆవిరి వల్ల అంకెలు దిగకుండా మొండికేయవచ్చు. అందుకని థర్మోస్టాటో సెన్సరో బాగుచేయించాక ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చి, ఆ తర్వాతే మళ్లీ పరీక్షకు వెళ్లండి.

ఎయిర్ ఫిల్టర్ మార్చడం తప్పేం కాదు, కానీ గాలిని కొలిచి పెట్రోలు పోసే ఇంజెక్షన్ ఇంజిన్‌లో ఫిల్టర్ మూసుకుపోతే శక్తి తగ్గుతుంది తప్ప మిక్స్చర్ ఇంతగా చెడదు. అది కార్బురేటర్ రోజుల నాటి అలవాటు. మీ ఉత్తరం చదువుతున్న కార్బురేటర్ బండ్ల వాళ్లకు మాత్రం ఫిల్టరూ ముఖ్యమే, చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా, ఫ్లోట్ మట్టం సరిగా ఉందా అన్నవి అంతకంటే ముఖ్యం.

పెట్రోలులో పోసే సీసాల గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇంజెక్టర్ల మీద పేరుకున్న మురికిని కొన్ని వదిలిస్తాయి. తెరుచుకుపోయిన థర్మోస్టాట్‌ను ఏ సీసా మూయలేదు. ఇంకెవరైనా ఐడ్లింగ్ అంకె దించడానికి ఏదో చిన్న అడ్డదారి ఉందంటే వినకండి, మీకు వేగం పెంచినప్పుడు కూడా ల్యామ్డా సరిగ్గా ఉండాలి.

ఒక తొందర ఉంది. కొత్త కన్వర్టర్ వేసి ఉన్నారు కాబట్టి ఈ రిచ్ ఇంజిన్‌ను నెలల తరబడి నడపకండి. మసి పేరుకుంటే నయం, వేడి పరుగులో కొంత కాలిపోతుంది. కాలని పెట్రోలు ఎక్కువై ఎప్పుడైనా గాలి దొరికిందంటే అంతా కన్వర్టర్ లోపలే మండి, తేనెపట్టు లాంటి పింగాణీ గదులు కరిగి ముద్దకట్టుకుపోతాయి. అప్పుడు నిజంగానే మూడో కన్వర్టర్ కొనాల్సి వస్తుంది.

పరీక్ష రోజున ఇంటి నుంచి నేరుగా వెళ్లి వరసలో నిలబడకండి. ఇరవై నిమిషాలైనా ఆగకుండా నడపండి, వీలైతే ఒక గేరు తక్కువలో. కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటేనే 250, 300 డిగ్రీలు కావాలి, వరసలో ఐడ్లింగ్‌లో నిలబడితే ఆ వేడి దిగిపోతుంది. మీ వంతు వచ్చే ముందు రెండు మూడు నిమిషాలు ఇంజిన్‌ను నిమిషానికి 2,500 చుట్ల దగ్గర పట్టి ఉంచండి. ఏసీ, లైట్లు ఆపేయండి. ఆ ముందు రోజుల్లో బ్యాటరీ తీగ ఊడదీయకండి, స్కానర్‌తో జ్ఞాపకాన్ని చెరిపేయించకండి. కంప్యూటర్ నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

గొట్టం మీద చెయ్యి వేసి చూసే పరీక్ష రేపు తెల్లవారే చేయండి. థర్మోస్టాట్ మార్చాక ముల్లు సగానికి వచ్చి, ల్యామ్డా ఇంకా 0.97 కంటే తక్కువే ఉంటే, వేడెక్కిన ఇంజిన్‌లో నీటి వేడి అంకె, ఫ్యూయల్ ట్రిమ్, ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ, ఈ మూడూ రాసి పంపండి. ఏ భాగం మార్చారో అన్నది రాయకపోయినా పరవాలేదు.